అసలు అత్తం, కాగితం అత్తం, ఖాళీ కొక్కెం

రావులపాలెం అరటి మార్కెట్‌కి దగ్గర్లో ఉన్నవాళ్ళకి ఏది అసలు, ఏది నకలు అని అడిగే ఈ కళా ప్రదర్శన చవగ్గా తేలిపోతుంది. గోడకి మూడు కొక్కేలు కొట్టాలి. మొదటిదానికి నిజం కర్పూరం అరటి అత్తం (గెల నుంచి కోసిన కాయల గుత్తి), రెండోదానికి కాగితంతో చేసిన అత్తం వేలాడతాయి. మూడోది ఖాళీ. మూడింటి కిందా అక్షరం తేడా లేకుండా ఒకే ధ్రువపత్రం: ‘ఇది అసలైనది’.

ఈ దారికి పాత అడుగులున్నాయి. అమెరికా కళాకారుడు జోసెఫ్ కోసుత్ 1965లో ఒక కుర్చీని, దాని ఫొటోని, నిఘంటువులో ‘కుర్చీ’ అర్థాన్ని పక్కపక్కనే పెట్టాడు. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ 2019లో అమెరికాలోని మయామీలో అరటిపండుని టేపుతో గోడకి అంటించి 1,20,000 డాలర్ల ధర పెట్టాడు. కొన్నవాళ్ళ చేతికొచ్చింది ధ్రువపత్రం, అంటించే పద్ధతి. పండు కుళ్ళితే ఇంకోటి తెచ్చుకోవాల్సిందే. దాని ఒక ప్రతి 2024 నవంబరులో వేలంలో సుమారు 62 లక్షల డాలర్లు పలికింది. మన దగ్గర డజన్ల లెక్కన అమ్మే సరుకే.

అందుకే ముందు పత్రం రాయండి, తర్వాతే అరటిపండు. దస్తావేజు రాసినట్టు రాయాలి: రకం, కాయల సంఖ్య, నేల నుంచి కొక్కెం ఎత్తు 150 సెంటీమీటర్లు, పండు పాడైతే ఎవరు మార్చాలి, ఎవరైనా తినేస్తే ఏం చెయ్యాలి. మయామీలో ఒకతను నిజంగానే తినేశాడు కాబట్టి ఈ చివరి షరతు తప్పదు. కవిత్వం కలిపితే పత్రం పత్రంలా ఉండదు, ఎవరూ నమ్మరు. రబ్బరు ముద్ర వేసుకోవచ్చు గానీ ప్రభుత్వ చిహ్నం, స్టాంపు పేపరు, జీఐ (భౌగోళిక గుర్తింపు) గుర్తు జోలికి పోవద్దు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ వచ్చాక ఆ గుర్తుకి ఇక్కడ విలువ తెలిసింది. కళ కోసమన్నా సరే, దొంగ గుర్తు చట్టం దృష్టిలో నేరమే.

ఇక కాగితం అత్తానికి అచ్చు. అత్తం మొత్తానికి ఒకే అచ్చు తీద్దామనుకుంటే కాయల మధ్య సందుల్లో ప్లాస్టర్ ఇరుక్కుని బయటికి రాదు. పై వరస కాయ ఒకటి, కింది వరసది ఒకటి, అంచుది ఒకటి, ఇలా మూడు కాయలకే అచ్చులు తీసి వాటితోనే పన్నెండు కాయలు చేసుకోవాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నాలుగు కిలోలు చాలు. అట్టపెట్టెలో బంకమట్టి పరిచి కాయని సగం వరకు పూడ్చి, చుట్టూ బొటనవేలితో నాలుగు గుంటలు నొక్కండి. రెండు సగాలు మళ్ళీ సరిగ్గా కూర్చునేది వాటివల్లే. కాయకి పల్చగా వాజలీన్ రాయండి. 350 మిల్లీలీటర్ల నీళ్ళలోకి 500 గ్రాముల ప్లాస్టర్ చల్లాలి. పొడి మీద నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. నిమిషం నానాక నెమ్మదిగా కలిపి పొయ్యండి. అరగంటలో వేడెక్కి గట్టిపడుతుంది. ఆ వేడికి తొక్క నల్లబడినా ఫర్వాలేదు.

పెట్టె తిరగేసి మట్టి తీసెయ్యండి, కాయని మాత్రం కదపొద్దు. బయటపడ్డ ప్లాస్టర్ మీద చిక్కటి సబ్బునీళ్ళు మూడుసార్లు పూసి రెండో సగం పొయ్యాలి. సబ్బు మర్చిపోతే రెండు సగాలూ ఒకే రాయి అయిపోతాయి.

అచ్చులు ఎండలో మూడు రోజులు ఆరాక లోపల వాజలీన్ రాసి, మైదా జిగురుతో వార్తాపత్రిక ముక్కలు ఐదు పొరలు అంటించండి. కత్తిరించొద్దు, చింపండి, చింపిన అంచే కలిసిపోతుంది. ఒక పొర వార్తాపత్రిక, ఒక పొర రంగు కాగితం మార్చిమార్చి వేస్తే పొరల లెక్క తప్పదు. డెల్టాలో వానాకాలం ఈ పని పెట్టుకుంటే బూజు ఖాయం, సంక్రాంతి తర్వాతే మేలు. జిగురులో చిటికెడు మైలతుత్తం వేస్తే పురుగు పట్టదు. అది విషం, పిల్లలకి అందనివ్వొద్దు.

ఆరాక అచ్చులోంచి తీసిన కాగితం సగాలు అంటించేముందు నిజం కాయని తూకం వేసి, అంత బరువుకి సరిపడా పొడి ఇసుక నింపండి. కంటిని మోసం చెయ్యడం తేలికే, ముట్టుకున్న చెయ్యి మాత్రం వెంటనే పట్టేస్తుంది.

రంగు దగ్గర తొందర పనికిరాదు. డబ్బాలోంచి తీసిన పసుపు బొమ్మల కొట్టు పసుపు. ముందు లేతాకుపచ్చ వేసి, ఆరాక దానిమీద కొంచెం గోధుమరంగు కలిపిన పసుపు రెండు పల్చటి పూతలు వెయ్యండి. తొడిమ దగ్గర ఆకుపచ్చ మిగలాలి. మచ్చలు పాత పళ్ళబ్రష్షుతో చిమ్మించాలి, కుంచెతో పెడితే వరసలు తేలతాయి. కాయ కొసన ఎండి నల్లబడ్డ పువ్వు ముక్కని మాత్రం నిజం కాయ నుంచే గిల్లి అంటించండి. అంత చిన్న అసలు ముక్కతో మొత్తం నమ్మేట్టు అవుతుంది. వార్నిష్ మెరవకూడదు.

వేలాడదీయడానికి టేపు వద్దు. సున్నం గోడకి సున్నమే ఊడి టేపుతో వచ్చేస్తుంది. కొక్కెం, కొబ్బరి తాడు వాడండి. నిజం అత్తాన్ని రెండు రోజులకోసారి మార్చాలి. ఆలస్యమైతే చిన్న ఈగలు ముసిరి ఏది అసలో అవే చెప్పేస్తాయి. మార్చిన ప్రతిసారీ కాయల సంఖ్య పత్రంతో సరిచూడండి. మూడో కొక్కేనికి ఖాళీ తాడు ముడి వేసి ఉంచాలి, లేకపోతే ఊడ్చేవాళ్ళు పనికిరాని మేకు అనుకుని పీకేస్తారు.