93 ట్యూన్‌తో కాలిఫోర్నియాకి వస్తే

డాలస్‌లో ఉండగా మా గోల్ఫ్ జీటీఐ కారుకి 93 ఆక్టేన్ ట్యూన్ వేయించాను, అంటే ఆ పెట్రోలుకి తగ్గట్టు ఇంజన్ పవర్ పెంచే సాఫ్ట్‌వేర్. పెట్రోలు తనంతట తాను అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. అక్కడ ప్రీమియం అంటే 93, బండి హాయిగా పరిగెత్తేది. ఉద్యోగం మారి శాన్ హోసే వచ్చాం. ఇక్కడ మామూలు బంకుల్లో ప్రీమియం అంటే 91. మంచి ఎండలో, మూడో గేరులో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే పికప్ మధ్యలోనే పడిపోయేది.

ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్‌కి కనెక్టయ్యే సాకెట్) కేబుల్ పెట్టి లాగ్, అంటే ఇంజన్ రీడింగుల రికార్డు, తీశాను. నాలుగు సిలిండర్లలోనూ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) 5, 6 డిగ్రీలు వెనక్కి పోతోంది. ఆక్టేన్ చాలకపోతే, టర్బో ఒత్తిడికి స్పార్క్ మంట చేరకముందే మిగిలిన పెట్రోలు తనంతట తాను అంటుకుంటుంది. అదే నాకింగ్. నాక్ సెన్సర్ అది పసిగట్టగానే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) టైమింగ్ తగ్గించి ఇంజన్‌ని కాపాడుతుంది. కానీ ఆ రక్షణ మీదే భారం వేసి రోజూ తిరగడం మంచిది కాదు.

పాతకాలంలోలా చిప్ ఊడదీసి మార్చే పని లేదు, అదే పోర్టు నుంచి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. 91కి తగ్గ ట్యూన్ ఫైలు వేయించాను. బూస్ట్ (టర్బో ఒత్తిడి) కాస్త తక్కువ, టైమింగ్ కూడా అంత దూకుడుగా ఉండదు.

డబ్బు కట్టే ముందు ఒకటి తప్పక చూసుకోండి. 2021 జులై నుంచి ఇక్కడి స్మాగ్ చెక్‌లో (బండి పొగ పరీక్ష) ఈసీయూ సాఫ్ట్‌వేర్‌ని కూడా చూస్తున్నారు. కంపెనీది కాకపోతే, కార్బ్ (రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) ఇచ్చిన ఈవో నంబరు, అంటే అనుమతి నంబరు, ఉన్న ట్యూన్ అయి ఉండాలి, లేదంటే ఫెయిలే. ఆ నంబరు మన మోడల్‌కీ, ఇయర్‌కీ వర్తించాలి కూడా. నేను అది అడిగి తెలుసుకున్నాకే ఫైలు తీసుకున్నాను.

తర్వాతి లాగ్‌లో టైమింగ్ ఏ సిలిండర్లోనూ ఒక డిగ్రీకి మించి తగ్గలేదు.