తూర్పార గాలి, మూడు తాళ్లు

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, సాగర్ ఎడమ కాలువ కింద వరి. కళ్లంలో తూర్పారపట్టే ముందు నాయన చాటలోంచి గుప్పెడు వడ్లు జారవిడిచి, పొట్టు ఎంత దూరం పోతుందో చూసేవాడు. ఇప్పుడు ఆదివారాలు హుస్సేన్‌సాగర్‌లో ఐఎల్‌సీఏ 6 అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ నడుపుతున్నా. తాడు ముట్టుకునే ముందు నా లెక్క ఇంకా ఆ పొట్టుదే.

ఈ పడవ మాస్ట్‌కు, అంటే తెరచాపను నిలబెట్టే స్తంభానికి, పట్టి ఉంచే తీగలుండవు, దాని వాలు మార్చలేం. తెరచాపను లోపలికి లాగే మెయిన్‌షీట్ తాడు కాక, మన చేతిలో ఉన్నవి మూడు తాళ్లు: తెరచాప అడుగున అడ్డంగా ఉండే బూమ్‌ను కిందికి లాగే వ్యాంగ్, తెరచాప ముందంచును బిగించే కన్నింగ్‌హామ్, అడుగంచును వెనక్కి లాగే ఔట్‌హాల్. ముందుగా గాలికి ఎదురెక్కేటప్పటి సంగతి చెప్తా.

పొట్టు కాళ్ల దగ్గరే రాలుతుందంటే గాలి 5 నాట్ల (గంటకు సుమారు 9 కి.మీ.) లోపే. కొత్తవాళ్లు ఎక్కువగా ఇక్కడే తప్పుతారు. తెరచాప పొట్ట పెరిగితే బలం వస్తుందని ఔట్‌హాల్ పూర్తిగా వదిలేస్తారు. నీరసపు గాలి అంత వంపు తిరగలేదు, సగంలోనే తెరచాపను విడిచిపోతుంది. బూమ్ నడుమ దగ్గర బూమ్‌కూ తెరచాపకూ మధ్య బెత్తెడు సందు చాలు. మెయిన్‌షీట్ బ్లాకులు (కప్పీలు) ఒకదానికొకటి తాకేదాకా లాగి, వ్యాంగ్‌లో వదులు మాత్రం తీసేసి, మళ్లీ మెయిన్‌షీట్ కాస్త వదలండి. కన్నింగ్‌హామ్ జోలికి పోవద్దు. ముందంచున ముడతలు పడితే పడనీయండి, చూడ్డానికి బాగోదంతే.

పొట్టు నాలుగడుగులు పోయే గాలి, 6 నుంచి 12 నాట్లు, అందరికీ ఇష్టం. సందు జానెడులో సగం దాటొచ్చు. అంచున బయటికి వేలాడినా పడవ ఒరుగుతోందంటే అప్పుడు కన్నింగ్‌హామ్ మొదలుపెట్టండి. నేను 62 కిలోలు, నాకది తొందరగానే వస్తుంది. బరువున్నవాళ్లు ఇంకాసేపు ఆగొచ్చు.

గింజ కూడా కొట్టుకుపోతుందని నాయన చాట దించేసే గాలి ఉంటుంది. 15 నాట్లు దాటి, నీళ్ల మీద తెల్ల నురగ లేస్తుంది. బ్లాకులు తాకాక వ్యాంగ్‌ను ఇంకా గట్టిగా లాగండి. మాస్ట్ వంగి తెరచాప చదునవుతుంది. తెరచాపలో కన్నింగ్‌హామ్ దూరే కన్నం బూమ్ దాకా దిగాలి. పొట్ట ముందుకు జరిగి, పైన వెనకంచు తెరుచుకుని, ఎక్కువైన గాలి జారిపోతుంది. అడుగున రెండు వేళ్ల సందు.

మలుపు తిరిగి గాలివాటుకు వచ్చే ముందు వ్యాంగ్ వదలాలి. ఒకసారి మరిచా. బూమ్ కొస నీళ్లలో గుచ్చుకుంది, మెయిన్‌షీట్ వదిలినా బూమ్ బయటికి పోలేదు, పడవ బోర్లా పడింది. హుస్సేన్‌సాగర్ నీళ్ల రుచి అప్పుడే తెలిసింది. ఇప్పుడు మలుపుకు ముందు "వ్యాంగ్" అని పైకే అంటా. పక్క పడవల వాళ్లు నవ్వుతారు.

మూడు గాలులకూ వ్యాంగ్ తాడు మీద మూడు గుర్తులు పెట్టుకున్నా, చెల్లెలి గోళ్ల రంగుతో. తాడు సాగుతుంది కాబట్టి అప్పుడప్పుడూ మళ్లీ పెట్టాల్సిందే. సీసా ఎందుకు ఖాళీ అవుతోందో ఆమె ఇంకా అడగలేదు.