కుక్కకు లూజ్ మోషన్స్: నులిపురుగుల మందు కంటే ముందు మెతుకు నొక్కి చూడండి

లక్షణం: కుక్క హుషారుగానే ఉంది, తింటోంది. మోషన్ మాత్రం మెత్తగా, పులిసిన వాసనతో, ఒక్కోసారి నురగతో, మామూలు కంటే ఎక్కువగా వస్తోంది. కడుపులో ఒకటే గుడగుడ. నెత్తురు, వాంతులు, నీరసం ఉన్నా, కూనకు టీకాలు పూర్తికాకపోయినా ఇక్కడ చదవడం ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. కూనల ప్రాణం తీసే పార్వో వైరస్ జబ్బు మన తీరిక చూసుకుని రాదు.

మిగతావాళ్లు చేసేది నాకు తెలుసు. నులిపురుగుల మందు పోస్తారు, చికెన్ మాన్పిస్తారు, పెరుగన్నం పెడతారు. గిన్నెలో ఉన్నది ఉడికిందా లేదా అని మాత్రం ఎవరూ చూడరు.

కారణం: ఎక్కువసార్లు దొరికే దొంగ జొన్న నూక. అన్నానికి అలవాటుపడ్డ కుక్కకు ‘ఆరోగ్యం’ అని నూక మొదలుపెడతారు. నీళ్లు అన్నానికి పోసినన్నే, విజిల్స్ కూడా అన్నే. పైగా చికెన్, నూక ఒకే కుక్కర్లో! చికెన్ ఉడకగానే దించేస్తారు. జొన్నలో పిండి (స్టార్చ్) రేణువుల చుట్టూ గట్టి ప్రోటీన్ ఉంటుంది, నీళ్లు లోపలికి నెమ్మదిగా దిగుతాయి. పైన మెత్తన, లోపల పచ్చి.

‘మేమూ అదే తిన్నాం, మాకేం కాలేదే’ అంటారు. మనం నములుతాం, మన లాలాజలంలో పిండిని ముక్కలు చేసే ఎంజైమ్ అమైలేజ్ ఉంది. కుక్క మింగేస్తుంది, దాని లాలాజలంలో ఆ ఎంజైమ్ దాదాపు లేనట్టే. పిండిని ముక్కలు చేసే పనంతా చిన్నపేగులో క్లోమం (పాంక్రియాస్) వదిలే అమైలేజ్‌ది, ఆ తర్వాత పేగు గోడ మీది మరో ఎంజైమ్ మాల్టేజ్‌ది. తోడేలుకు అమైలేజ్ జన్యువు ప్రతులు 2 ఉంటే కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉంటాయని 2013 నాటి పరిశోధనలో తేలింది (హస్కీలకు తక్కువే). ఎన్ని ఉన్నా, నీళ్లలో ఉబ్బి పగలని రేణువును ఆ ఎంజైమ్ నెమ్మదిగానే కొరకగలదు. అరగని పిండి పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని ఇడ్లీ పిండిలా పులియబెడతాయి. ఆ వాసన, నురగ అందుకే.

పరీక్ష: గింజను రెండు గాజు ముక్కల మధ్య నొక్కండి. నడుమ తెల్లటి చుక్క కనిపిస్తే పలుకు మిగిలినట్టే. పులిహోరకు పలుకు బాగుంటుంది, కుక్కకు కాదు.

పరిష్కారం: రెండు మూడు రోజులు మెత్తటి అన్నమే పెట్టండి. తర్వాత నూకను రాత్రంతా నానబెట్టి, అయిదారు రెట్లు నీళ్లు పోసి, విడిగా సంకటిలా ఉడికించండి. చికెన్ చివర్లో కలపండి. మొదట పావు వంతు నూకతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచండి. తిండి మారితే క్లోమం కూడా సర్దుకోవాలి, దానికి రోజులు పడుతుంది.

అప్పటికీ తగ్గకపోతే పాలు ఆపి చూడండి. పచ్చి బంగాళాదుంప ముక్కలు, ఉల్లిపాయ ఉన్న బిర్యానీ ఎటూ పెట్టకూడదు. తెగ తింటూ చిక్కిపోతుంటే, ముఖ్యంగా జర్మన్ షెపర్డ్ అయితే, క్లోమంలో ఎంజైమ్ లోపం ఉండొచ్చు. దాన్ని పట్టి చూపే టీఎల్ఐ అనే రక్తపరీక్ష గురించి డాక్టర్ని అడగండి. ఈ లోపం అరుదు.