ఫ్రెషర్స్ పార్టీకి ‘ఊరి పెండ్లి’ థీమ్: ధోతి జారకుండా ఎలా కట్టాలి?

ప్రతి ఏడూ అవే థీమ్‌లు: బ్లాక్ అండ్ వైట్, రెట్రో, హాలోవీన్. పాలమూరులో దయ్యం వేషం వేస్తే భయపడేదెవరు? ‘ఊరి పెండ్లి’ పెట్టుకోండి. బట్టలన్నీ ఇంట్లోనే దొరుకుతాయి.

అమ్మాయిలకు చెప్పేది తక్కువ. అమ్మ బీరువాలో నారాయణపేట గళ్ల చీరో, పోచంపల్లి ఇక్కత్తో ఉంటుంది. గద్వాల చీరైతే ఒక్క జాగ్రత్త. అందులో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పిన్ను గుచ్చొద్దు, చిరిగితే ఇంట్లో జవాబు మీరే చెప్పుకోవాలి.

అబ్బాయిలకు తెల్ల నూలు ధోతి, లాల్చీ, తలకు రుమాలు. నూనె పట్టించిన నూలుతో నేసే పుట్టపాక తేలియా రుమాలు దొరికితే మహారాజే, కాస్త నూనె వాసన వచ్చినా సరే. లేకుంటే ఎర్రగళ్ల తువ్వాల చాలు. లోపల నిక్కరు తప్పనిసరి. వెల్క్రో అంటించిన రెడీమేడ్ ధోతి కొన్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు, అది ప్యాంటు.

ఇక అసలు పని గోచి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

ధోతి నాలుగు మీటర్లుండాలి. రెండు మీటర్ల లుంగీతో గోచి రాదు, ప్రయత్నించకండి. కొత్తదైతే ఒకసారి ఉతకండి, లేకుంటే జారుతుంది. నడుము వెనక నుంచి తెచ్చి, రెండు వైపులా సమానంగా చూసుకుని, ఒంటికి ఆనుకుని ఉన్న చోట పై అంచులు పట్టి బొడ్డు దగ్గర ముడి వేయండి. కడుపు లోపలికి పీల్చి వేయొద్దు. బిర్యానీ తిన్నాక ఊపిరాడక మీరే వదులు చేస్తారు, అక్కడితో కథ కంచికి.

ఎడమ కొసను కుచ్చిళ్లు పెట్టి కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీయండి. ఆగండి, అప్పుడే దోపొద్దు. నిటారుగా నిలబడి బిగించి దోపుతారు, తీన్‌మార్ మొదటి దెబ్బకే గోచి ఊడి వస్తుంది. మా జూనియర్ ఒకడికి స్టేజీ మీదే ఊడింది, నిక్కరు ఉంది కాబట్టి సరిపోయింది. కాళ్లు ఎడంగా పెట్టి సగం కూర్చోండి. ఆ భంగిమలో ఎంత గుడ్డ కావాలో అంత వదిలి, వెన్నెముక దగ్గర నాలుగు వేళ్ల లోతుకు దోపండి. మరీ వదిలేస్తే కాళ్లకు అడ్డం పడుతుంది. పైన మొలతాడో సన్న బెల్టో బిగించండి. కొందరు పిన్నులు పెడతారు. గోచికి పిన్నేమిటి? గుడ్డ చిరగడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

కుడి కొస కుచ్చిళ్లు ముందు దోపితే అయిపోయింది. ఐదు గుంజీలు తీయండి. ఊడితే ముడి విప్పకండి, గోచి ఒక్కటే మళ్లీ పెట్టండి.

పార్టీ ఆరింటికైతే నాలుగింటికే మొదలుపెట్టాలి. హాస్టల్‌లో ధోతి కట్టడం వచ్చినవాడు ఒక్కడే ఉంటాడు, ఇరవై మంది వాడి రూమ్ ముందు లైను కడతారు. మా హాస్టల్‌లో ఆ ఒక్కణ్ణి నేనే. రెండేళ్లూ జీన్స్‌లోనే పార్టీకి వెళ్లాను.