సివిల్స్ దరఖాస్తు: ఫారానికి గంట, కాగితాలకు రెండు నెలలు

సంక్రాంతి దాటితే కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో డిగ్రీ పిల్లల సందడి మొదలవుతుంది. చంకలో ప్లాస్టిక్ ఫైలు, చేతిలో ఫోను. "అన్నా, సివిల్స్‌కు అప్లై చేయాలి, ఎంతసేపు పడుతుంది?" అని అడుగుతారు. ఫారం నింపడానికి గంట చాలు. అందులో రాసేదానికి రుజువుగా నిలిచే కాగితాలు చేతికి రావడానికే రెండు నెలలు. నోటిఫికేషన్ వచ్చాక తహసీల్దారు కార్యాలయానికి పరుగెత్తేవాళ్లను ఏటా చూస్తున్నాను కాబట్టి, ఫారం సంగతి కంటే ముందు కాగితాల సంగతే చెబుతాను.

అంతకన్నా ముందు ఒక చిన్న స్పష్టత. గ్రూప్-1, గ్రూప్-2 మన రాష్ట్రానివి, వాటిని ఏపీపీఎస్సీ నిర్వహిస్తుంది. ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్ఎస్ (విదేశాంగ), ఐఆర్ఎస్ వంటి అఖిల భారత, కేంద్ర సర్వీసులకు కలిపి ఢిల్లీలోని యూపీఎస్సీ పెట్టేది సివిల్ సర్వీసెస్ పరీక్ష. రెండింటికీ వెబ్‌సైట్లు వేరు, సర్టిఫికెట్ల నమూనాలు వేరు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ అని మూడు మెట్లు. మనం ఇక్కడ మాట్లాడుకునేది మొదటి మెట్టుకు పెట్టే దరఖాస్తు గురించి. నోటిఫికేషన్ సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో వస్తుంది. 2025లో జనవరి 22న వచ్చింది, ప్రిలిమ్స్ మే 25న జరిగింది.

అర్హతలు కష్టమైనవేమీ కావు. ఏ డిగ్రీ అయినా సరే, చివరి సంవత్సరం చదువుతున్నా ప్రిలిమ్స్ రాయవచ్చు, పాసైన రుజువు మెయిన్స్ దశలో చూపాలి. పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి 21 ఏళ్లు నిండాలి, 32 నిండకూడదు. అంటే 2026 పరీక్షకు 1994 ఆగస్టు 2కు, 2005 ఆగస్టు 1కి మధ్య పుట్టినవారు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు, దివ్యాంగులకు పదేళ్లు సడలింపు ఉంది. ప్రయత్నాలు జనరల్, ఈడబ్ల్యుఎస్ (వేరే రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలు) వారికి ఆరు, ఓబీసీలకు తొమ్మిది, ఎస్సీ, ఎస్టీలకు వయసు ఉన్నంతవరకు ఎన్నయినా. దరఖాస్తు పెట్టి పరీక్షకు వెళ్లకపోతే అది ప్రయత్నం కింద లెక్కకు రాదు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరుకు కూర్చున్నా లెక్కే.

ఇక కాగితాలు. బీసీ కుటుంబాల పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. స్కాలర్‌షిప్ కోసం ఎప్పుడో తీసుకున్న బీసీ-ఏ, బీసీ-బి కుల ధ్రువీకరణ పత్రం ఇక్కడ పనికిరాదు. కావలసింది కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్‌కు (వెనుకబడిన కులాల్లోని సంపన్న వర్గానికి) చెందరని తహసీల్దారు ధ్రువీకరించిన ఓబీసీ సర్టిఫికెట్. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలని లేదు కాబట్టి, మొదట అక్కడ తమ కులం పేరు ఉందో లేదో చూసుకోవాలి. క్రీమీలేయర్‌కు ఆదాయ పరిమితి 8 లక్షలు. అయితే ఆ లెక్కలో తల్లిదండ్రుల జీతమూ, వ్యవసాయ ఆదాయమూ కలపరు. ఈ సంగతి తెలియక, నాన్నకు జీతం ఎక్కువని జనరల్‌లో దరఖాస్తు పెట్టినవాళ్లు నాకు తెలుసు. అలాగని అందరికీ ధీమా కూడా తగదు. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా నేరుగా గ్రూప్-ఏ అధికారిగా చేరినవారైతే ఆదాయంతో పని లేకుండానే క్రీమీలేయర్ కిందికి వస్తారు.

ఈడబ్ల్యుఎస్ లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడా 8 లక్షలే, కానీ జీతం, సేద్యం, వ్యాపారం అన్నీ కలుపుతారు. పైగా కుటుంబానికి అయిదెకరాలు, అంతకు మించి సాగుభూమి ఉంటే కేంద్ర ఈడబ్ల్యుఎస్ వర్తించదు. మన సీమలో ఈ నిబంధన కొట్టే దెబ్బ ఎలాంటిదో కళ్యాణదుర్గం వైపు ఏ రైతును అడిగినా చెబుతాడు. పదెకరాల మెట్ట ఉంటుంది, వాన పడకపోతే వేరుశనగ విత్తనం ఖర్చు కూడా తిరిగి రాదు. కాగితం మీద మాత్రం ఆయన పదెకరాల ఆసామి! మెట్టా మాగాణీ అన్న తేడా ఆ నిబంధనలో లేదు. అన్యాయమే అనిపిస్తుంది. అయినా ఫారంలో ఈడబ్ల్యుఎస్ అని గుర్తు పెట్టే ముందు పట్టాదారు పాసుపుస్తకం తెరిచి చూసుకోండి.

రెండు సర్టిఫికెట్లకూ తేదీ ముఖ్యం. నోటిఫికేషన్‌కు ముందు ఏప్రిల్‌లో మొదలైన ఆర్థిక సంవత్సరంలోనే జారీ అయి ఉండాలి, దరఖాస్తు గడువు ముగిసే తేదీ దాటకూడదు. 2022 పరీక్షలో ఈడబ్ల్యుఎస్ పత్రాలు గడువులోగా సరైన నమూనాలో లేవని యూపీఎస్సీ కొందరిని ఆ కోటాలో పరిగణించలేదు. వారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2023లో కోర్టు యూపీఎస్సీ నిర్ణయాన్నే సమర్థించింది. కాబట్టి నవంబరులోనే గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టుకోవడం మేలు. వీఆర్వో విచారణ, ఆర్ఐ సంతకం, తహసీల్దారు సంతకం, మధ్యలో సెలవులు. రెండు నెలలు అన్నది అందుకే.

తర్వాతి చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది. ఒకచోట 'రెడ్డి' ఉంటుంది, ఇంకోచోట ఉండదు. యూపీఎస్సీకి పేరైనా పుట్టినతేదీ అయినా పదో తరగతి మెమోనే ప్రమాణం, గుర్తింపు కార్డుగా మాత్రం ఆధార్ ఇమ్మంటుంది. రెండూ కలవకపోతే మెమో జోలికి పోకుండా, దాని ప్రకారం ఆధార్‌ను సరిచేయించుకోవాలి. దానికీ కొన్ని వారాలు పడుతుంది.

ఇప్పుడు ఫారం. యూపీఎస్సీఆన్‌లైన్ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ అనే సైటులో 2025 మే నెలాఖరు నుంచి కొత్త పద్ధతి వచ్చింది. పాత ఓటీఆర్ (ఒకసారి చేసుకునే నమోదు) ఉన్నా మళ్లీ మొదటి నుంచి నమోదు కావాలి. ఖాతా తెరవడం, సార్వత్రిక నమోదు, అన్ని పరీక్షలకూ పనికివచ్చే ఉమ్మడి దరఖాస్తు, ఆ పరీక్షకు మాత్రమే చెందిన వివరాలు అని నాలుగు భాగాలు. మొదటి మూడూ నోటిఫికేషన్ రాకముందే తీరిగ్గా పూర్తిచేసి పెట్టుకోవచ్చు. ఫోను నంబరు, మెయిలు మాత్రం మీవే ఇవ్వండి. మా అక్క కొడుకు ఒకసారి నెట్ సెంటరులో నింపించుకుంటే, అక్కడి కుర్రవాడు పని త్వరగా తెమలాలని తన మెయిలే ఇచ్చేశాడు. హాల్‌టికెట్ సమయానికి ఆ కుర్రవాడు ఊరు మారాడు, ఫోను ఎత్తలేదు. చివరికి అతని వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ నంద్యాల దాకా వెళ్లవలసి వచ్చింది.

ఫోటో పాత పాస్‌పోర్ట్ సైజుది స్కాన్ చేయవద్దు, కొత్తగా తీయించుకోవాలి. తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో, ఒకదాని కింద ఒకటిగా మూడు సంతకాలు పెట్టి దాన్ని ఎక్కించమంటారు. మూడూ ఒకేలా ఉండాలి. గడ్డంతో ఫోటో దిగి, పరీక్షకు నున్నగా గీసుకుని వెళితే గేటు దగ్గర అనవసరమైన మాటలు పడాలి.

పరీక్ష కేంద్రం ఎంచుకునే దగ్గర మాత్రం ఆలస్యం చేయకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రిలిమ్స్‌కు ఉన్నవి అనంతపురం, తిరుపతి, విజయవాడ, విశాఖపట్నం. కర్నూలూ లేదు, కడపా లేదు. కర్నూలు వాళ్లకు అనంతపురమో హైదరాబాదో, కడప వాళ్లకు తిరుపతో అనంతపురమో. ఇలాంటి కేంద్రాలకు ఇంతమంది అని పరిమితి ఉంటుంది, ముందు వచ్చినవారికే చోటు. నిండిన తర్వాత ఆ పేరు ఎంచుకోవడం కుదరదు, మిగిలిన ఊళ్లలో ఒకటి తీసుకోవలసిందే. చివరి రోజు సాయంత్రం ఆరింటికి గడువనగా నాలుగింటికి కూర్చునేవాడికి అనంతపురం దక్కడం కష్టం. మెయిన్స్‌కు రాష్ట్రంలో కేంద్రం విజయవాడ. ఇంటర్వ్యూ ఢిల్లీలోనే.

రుసుము వంద రూపాయలు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఏమీ కట్టనక్కరలేదు. డబ్బు కట్టి, సమర్పించిన ఫారాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి. 2025లో గడువు ముగిశాక తప్పులు దిద్దుకోవడానికి వారం రోజులు ఇచ్చారు. అప్పుడూ అన్ని గళ్లూ దిద్దనివ్వలేదు కాబట్టి దాని మీద భారం వేయకండి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, వ్యవసాయం వంటివి చదివినవారు అటవీ సర్వీసు దరఖాస్తు కూడా చూడాలి. దానికీ ఇదే ప్రిలిమ్స్.

తెలుగు మాధ్యమం వాళ్లు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. మెయిన్స్ జవాబులు తెలుగులో రాయవచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చు, తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికాంశంగా తీసుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లా వాడైన రోణంకి గోపాలకృష్ణ 2016 పరీక్షలో మూడో ర్యాంకు సాధించింది తెలుగు మాధ్యమంలోనే. అయితే సాహిత్యం, భాషా పేపర్లు తప్ప ప్రశ్నపత్రాలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. ఏ భాషలో రాస్తారో, ఐచ్ఛికాంశం ఏదో ముందే తేల్చుకుని కంప్యూటర్ ముందు కూర్చోండి. 300 మార్కుల భారతీయ భాషా పేపరులో 25 శాతం రాకపోతే మిగతా పేపర్లు దిద్దనే దిద్దరు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు పేపరు భయం అక్కడే. 1820లో కడపకు కంపెనీ ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్‌కు కూడా తెలుగు పరీక్ష తప్పలేదు మరి!

హాల్‌టికెట్ పోస్టులో రాదు, సైటు నుంచే తీసుకోవాలి. ఉదయం పేపరు 9.30కి, మధ్యాహ్నం పేపరు 2.30కి. అరగంట ముందే గేటు మూసేస్తారు. కర్నూలు నుంచి అనంతపురానికి బస్సులో మూడు గంటల ప్రయాణం. తెల్లవారుజామున బయలుదేరితే సరిపోతుందనుకోవద్దు, డోన్ దాటాక ఒక టైరు పంక్చరయితే చాలు. ముందు రోజు సాయంత్రమే చేరుకోండి. దరఖాస్తులో ఇచ్చిన గుర్తింపు కార్డు అసలు, హాల్‌టికెట్, నల్ల బాల్‌పాయింట్ పెన్నులు రెండు. ఫోను బస చేసిన చోటే వదిలేసి వెళ్లండి.