హైస్కూల్లో చరిత్ర పీరియడు, హోంవర్కు: రోజూ నడిచే పద్ధతి

చరిత్ర క్లాసు చప్పగా సాగుతోందంటే చాలాసార్లు తప్పు పాఠంలో ఉండదు. ఆ రోజు పాఠానికంటూ ఒక ప్రశ్న లేకపోవడమే అసలు లోపం. పుస్తకంలో ‘ఫ్రెంచి విప్లవం – కారణాలు’ అని ఉంటుంది. టీచరు అదే బోర్డు మీద రాస్తారు, ఒకటి రెండు మూడు అని చెబుతారు, పిల్లలు రాసుకుంటారు. హోంవర్కు ఏమిటయ్యా అంటే ‘కారణాలు రాసుకు రండి’. ఒకే సరుకు మూడు చేతులు మారింది, మధ్యలో ఎవరికీ ఆలోచించే పని పడలేదు.

అదే పాఠానికి ఇలా ఒక ప్రశ్న పెట్టి చూడండి: ‘పన్నుల భారం ఎప్పటినుంచో ఉంది కదా, మరి 1789లోనే ఎందుకు పేలింది?’ ఇప్పుడు కారణాల జాబితా సరిపోదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి సాయం చేసి ఖజానా అప్పుల్లో కూరుకుపోవడం, 1788లో పంట దెబ్బతిని రొట్టె ధర పెరగడం, 1614 తర్వాత మళ్లీ పిలవని ఎస్టేట్స్ జనరల్‌ని (మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభని) 1789 మేలో సమావేశపరచడం, వీటిలో ఏది పాతది, ఏది కొత్తది, ఏది దేన్ని తోసింది అని పిల్లలే విడదీయాల్సి వస్తుంది. పాఠం సిద్ధం చేసుకునేటప్పుడు ముందు ఈ ఒక్క ప్రశ్న కుదరాలి. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది: పుస్తకంలో ఒక వాక్యం కింద గీత గీసి జవాబు చూపించగలిగితే అది పాఠానికి చాలే ప్రశ్న కాదు.

పీరియడు 45 నిమిషాలు అనుకుందాం. మొదటి 5 నిమిషాలు పాత పాఠాలవి. పిల్లలు కూర్చునేలోపే బోర్డు మీద మూడు చిన్న ప్రశ్నలు ఉండాలి: నిన్నటి పాఠం నుంచి ఒకటి, పోయిన వారం నుంచి ఒకటి, నెల కిందటి పాఠం నుంచి ఒకటి. జవాబు ఒక మాట, మహా అయితే ఒక లైను. నోట్సు చూడకూడదు, మార్కులు ఉండవు, ఎవరిది వాళ్లే దిద్దుకుంటారు. మూడో ప్రశ్నకి మొదట్లో సగం మంది తెల్లమొహం వేస్తారు. కంగారుపడి దాన్ని ఎత్తేయకండి, మరిచిపోతున్నది మళ్లీ తవ్వి తీయడానికే అది ఉన్నది.

తర్వాత 12 నిమిషాలు మీరు చెప్పాలి. అవును, చెప్పడమే. పిల్లలంతట పిల్లలే అంతా కనుక్కోవాలనే మాట వినడానికి బాగుంటుంది కానీ, ఏమీ తెలియనివాళ్లు చర్చించేది కూడా ఏమీ ఉండదు. ఒక మనిషిని, ఒక చోటుని పట్టుకుని కథనం నడపండి. బోర్డుని మూడు భాగాలు చేసుకోండి. ఎడమవైపు ఆ రోజు ప్రశ్న, కొత్త పదాలు అయిదుకి మించకుండా. అవి పీరియడు అయ్యేదాకా చెరపకూడదు. మధ్యలో కథనం, నిండితే తుడుచుకోవచ్చు. కుడివైపు తేదీలు. గుర్తుంచుకు తీరాల్సిన తేదీలు రోజుకి మూడు చాలు, మిగతావి చూసుకోవడానికి మాత్రమేనని పిల్లలకీ చెప్పండి. డిక్టేషన్ చెబితే క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది, దాని సుగుణం అదొక్కటే.

ఆ పైన 15 నిమిషాలు ఆధారంతో పని. ఉత్తరం, డైరీ, కార్టూను, పన్ను పట్టీ, ఏదైనా సరే, ఒక్కటి. రాతపూర్వకమైనదైతే 120 పదాలకు మించకుండా కత్తిరించి, కష్టమైన మాటలకి పక్కనే అర్థం ఇవ్వండి. మూడు నాలుగు ఆధారాలు ఒకేసారి పంచితే పిల్లలు చదవడం మానేసి, జవాబులా కనిపించే వాక్యం కోసం వెతుకుతారు.

ఆధారాన్ని ఏ వరసలో బయటపెడుతున్నామన్నదాంట్లోనే పాఠమంతా ఉంటుంది. దీనికి 16వ లూయీ డైరీ చక్కటి ఉదాహరణ. జిరాక్సు కూడా అక్కర్లేదు, బోర్డు చాలు. ముందు ఈ ఒక్కటే రాయండి: ‘1789 జూలై 14. ఏమీ లేదు.’ ఇది ఎవరు రాసి ఉంటారని అడగండి. ఖైదీ, సైనికుడు, పల్లెటూరి రైతు అని రకరకాలుగా చెబుతారు. రెండు నిమిషాలాగి, రాసింది ఫ్రాన్సు రాజేనని చెప్పండి. క్లాసు గొల్లుమంటుంది. పారిస్‌లోని బాస్టిల్ జైలు కోటని జనం పట్టుకున్న రోజున రాజుకి ఏమీ పట్టలేదు, ఎంత మొద్దు రాజో అని తీర్పులు వచ్చేస్తాయి. ఆ తీర్పుని ఒక వాక్యంగా నోట్సులో రాయించండి, పెన్నుతో. అప్పుడు మూడో ముక్క చెప్పండి: అది ప్రధానంగా వేట లెక్కలు రాసుకునే పుస్తకం. ఆ రోజు వేట లేదు, కాబట్టి ‘ఏమీ లేదు’. పైగా పారిస్ సంగతులు ఊరి బయట వర్సాయ్ రాజభవనంలో ఉన్న రాజుకి తెలిసేసరికి పొద్దుపోయింది. ఇప్పుడు ఇందాక రాసిన వాక్యాన్ని కొట్టెయ్యకుండా దాని కిందే మరో వాక్యం రాయమనండి: ఈ ఆధారం మనకి ఏం చెబుతోంది, ఏం చెప్పలేదు? ‘ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు’ అన్నవాటితో పాటు ‘దేనికోసం రాశారు’ అనే ప్రశ్న ఎందుకు అడగాలో ఈ రెండు వాక్యాలు పక్కపక్కనే చూస్తే అర్థమవుతుంది. వేట సంగతి ముందే చెప్పేస్తే పాఠం అక్కడితో అయిపోయినట్టే.

చివరి 13 నిమిషాల్లో తొమ్మిది, ఆ రోజు ప్రశ్నకి జవాబు రాయడానికి. మిగిలిన నాలుగు హోంవర్కుకి. గంట కొట్టాక, సంచులు సర్దుకుంటుండగా అరిచి చెప్పిన హోంవర్కు మర్నాడు సగం మంది దగ్గర ఉండదు. ఈ నాలుగు నిమిషాల్లో మొదటి లైను క్లాసులోనే రాయించండి. ఎవరికి అర్థం కాలేదో అప్పుడే తెలుస్తుంది, ఇంటికెళ్లి కూర్చున్నప్పుడు ఖాళీ పేజీ ఎదురవకుండానూ ఉంటుంది.

హోంవర్కు 20, 25 నిమిషాల్లో తేలిపోవాలి, వారానికి రెండు లేదా మూడుసార్లు చాలు. ‘పాఠం చదువుకు రండి’ హోంవర్కు కాదు, దాన్ని ఎవరూ చెయ్యరు, చేశారో లేదో తెలుసుకునే దారీ లేదు. చదవమంటే రెండు పేజీలు చెప్పి, ఏం వెతకాలో కూడా చెప్పండి. ‘బాస్టిల్‌లో జూలై 14న దొరికిన ఖైదీలు ఏడుగురే. మరి జనం ఆ కోట మీదికి దేనికోసం వెళ్లారు? 15 పదాల్లో.’ తుపాకీ మందు సంగతి దొరికేదాకా చదువుతారు.

మన చేతిలో ఉన్న హోంవర్కుల్లో కాలరేఖకి రావాల్సినంత గౌరవం రావట్లేదు. కారణం, దాన్ని కొలత లేకుండా గీయిస్తాం. అడ్డంగా ఒక గీత, దాని మీద సమాన దూరంలో ఆరు చుక్కలు, ఆరు తేదీలు. అది జాబితాయే, గీత ఎక్కిందంతే. కొలతతో గీయిస్తే ఏమవుతుందో చూడండి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు సంక్షోభం తీసుకుందాం. 1914 జూన్ 28న సరయెవోలో ఆస్ట్రియా-హంగరీ యువరాజు హత్య జరిగింది, ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. మధ్యలో 37 రోజులు. రోజుకి అర సెంటీమీటరు చొప్పున 18.5 సెంటీమీటర్లు, ఏ4 కాగితం పొడుగులో హాయిగా సరిపోతుంది. సున్నా దగ్గర హత్య. 12.5 దగ్గర సెర్బియాకి ఆస్ట్రియా-హంగరీ తుది హెచ్చరిక, అంటే జూలై 23. 15 దగ్గర సెర్బియా మీద యుద్ధ ప్రకటన. 17 దగ్గర రష్యా మీద జర్మనీ, 18 దగ్గర ఫ్రాన్సు మీద జర్మనీ, 18.5 దగ్గర బ్రిటన్.

కాగితం మీద పన్నెండున్నర సెంటీమీటర్లు ఖాళీ, ఆ తర్వాత ఆరు సెంటీమీటర్లలో కిక్కిరిసిన గందరగోళం. ఆ ఖాళీలో ఏం జరుగుతోందని పిల్లలు అడక్కుండా ఉండలేరు. మర్నాటి పాఠానికి ప్రశ్న దొరికినట్టే. 3.5 దగ్గర మరో చుక్క పెట్టించండి: జూలై 5, తాము అండగా ఉంటామని ఆస్ట్రియాకి జర్మనీ మాటిచ్చిన రోజు. ఆ తర్వాత జూలై 20 నుంచి 23 దాకా ఫ్రాన్సు అధ్యక్షుడు రష్యా పర్యటనలో ఉన్నాడు, ఆయన అక్కణ్ణుంచి బయల్దేరేదాకా తుది హెచ్చరికని ఆపి ఉంచారు. ఖాళీ అనుకున్నది ఖాళీ కాదు. ఇలా నిన్నటి హోంవర్కు చేతిలో లేకపోతే ఇవాళ్టి పాఠం నడవదన్నట్టు ఉంటే, హోంవర్కు తెమ్మని బతిమాలుకునే పని సగం తప్పుతుంది.

ఇందులో పిల్లలు చేసే తప్పు దాదాపు ఒకటే, జూన్‌కి 31 రోజులు లెక్కేయడం. దాంతో హత్య తర్వాతి చుక్కలన్నీ అర సెంటీమీటరు జరిగిపోతాయి. గీయకముందే పక్కన రోజుల లెక్క వేయించండి.

పేరా రాయించే హోంవర్కు ఆరేడు వాక్యాలకి మించొద్దు. అనదలచిన మాట, దానికి ఆధారం, ‘అందువల్ల’ అనే ముగింపు. ఈ మూడు మెట్లు నేర్పితే చాలు. సాధారణంగా వచ్చే జవాబు ఇలా ఉంటుంది: ‘ప్రజలు పన్నులతో బాధపడ్డారు. అందుకే విప్లవం వచ్చింది.’ దీని పక్కన ‘ఇంకా వివరంగా’ అని రాస్తే పిల్లవాడు మరో రెండు బాధలు చేరుస్తాడు, అంతే. తప్పు పొడుగులో లేదు, అతుకులో ఉంది. ‘పన్నులు అంతకుముందూ ఉన్నాయి కదా?’ అని ఒక్క ప్రశ్న రాయండి. అప్పుడొచ్చే రెండో ప్రతి ఇలా ఉండొచ్చు: ‘పన్నుల భారం పాతదే. కానీ 1788లో పంట పోయి రొట్టె ధర పెరగడంతో, అదివరకు ఎలాగోలా భరించిన పన్ను ఇక భరించలేనిదైంది.’ ‘అంతకుముందు నుంచీ’, ‘దాంతో’, ‘అయినా’, ‘లేకపోతే’ లాంటి మాటలు అట్ట మీద రాసి గోడకి పెట్టండి. రాయడం కష్టమయ్యే పిల్లలకి మొదటి నాలుగు మాటలు మీరే ఇచ్చి వాక్యం పూర్తి చేయమనండి.

పెద్దవాళ్లని అడిగి రాసుకు రమ్మనేది మంచి పని, కానీ ‘మీ కాలంలో ఎలా ఉండేది?’ అని అడిగితే ‘బాగుండేది’ అన్న జవాబే వస్తుంది. ప్రశ్నలు అయిదు, అన్నీ గట్టివి కావాలి. ‘మీ ఇంట్లో మొదటి ఫోను వచ్చేసరికి మీ వయసెంత? అంతకుముందు దూరాన ఉన్నవాళ్లకి చావు కబురు ఎలా పంపేవారు?’ సంవత్సరాలు తప్పుతాయి, కాబట్టి సంవత్సరం అడగకుండా ‘మీ పెళ్లికి ముందా, తర్వాతా?’ అని అడిగించండి. ఇంట్లో పెద్దవాళ్లు లేని పిల్లలకి బడిలోనే ఎవరినైనా చూపించాలి. క్లాసులో మూడు జవాబులు పక్కపక్కన పెడితే ఎక్కడ పొసగలేదో అక్కడ చర్చ మొదలుపెట్టొచ్చు.

వీడియోలు అయిదు నిమిషాలు దాటొద్దు, ప్రశ్న ముందే ఇవ్వాలి. నాటికలు వేయించేటప్పుడు పిల్లల్లో కొందరిని బానిసలుగా, హింసకి గురైనవాళ్లుగా నిలబెట్టడం మాత్రం వద్దు. అవమానం మిగులుతుంది, చరిత్ర రాదు.

గైడు చూసి, ఇంటర్నెట్టు చూసి, ఏఐని అడిగి ఎత్తి రాయడం ఎలాగూ ఉంటుంది. పోలీసుపని మనకి అనవసరం. ప్రశ్నని క్లాసులో జరిగినదానికి ముడిపెడితే చాలు: ‘ఇవాళ నువ్వు డైరీ గురించి రాసిన మొదటి వాక్యంలో ఏం తప్పింది?’ దీనికి జవాబు ఏ గైడులోనూ దొరకదు. అనుమానం వస్తే నోట్సు మూయించి, అందులోంచి ఒక మాటకి అర్థం అడగండి.

దిద్దడం గురించి లెక్క వేసుకుందాం. 40 నోట్సులు, ఒక్కోదానికి మూడు నిమిషాలు, మొత్తం రెండు గంటలు. ఒక్క సెక్షనుకే ఇంత! అన్నీ దిద్దాలనుకుంటే చివరికి అన్నిట్లోనూ సంతకమే మిగులుతుంది. రోజుకి ఎనిమిది నోట్సులు గట్టిగా చూడండి, అయిదు రోజుల్లో 40 అవుతాయి. మిగతావి చేశారా లేదా అని బెంచీల మధ్య తిరుగుతూ చూసెయ్యొచ్చు. పొడుగు వ్యాఖ్యల బదులు మూడు గుర్తులు: ఆధారం లేకపోతే ‘ఆ’, తేదీ తప్పైతే ‘తే’, అతుకు లేకపోతే ‘అ’. నోట్సులో కుడి పేజీ పాఠానికి, ఎడమ పేజీ దిద్దుబాటుకి వదలమనండి. గుర్తు పడిన ఒక్క వాక్యాన్ని ఎడమ పేజీలో మళ్లీ రాస్తేనే దిద్దినట్టు లెక్క.

‘తే’ ఎక్కువగా పడే చోట్లు కొన్ని ఉన్నాయి. 1789ని 17వ శతాబ్దం అంటారు. అది 18వది, 1701 నుంచి 1800 దాకా. క్రీస్తుపూర్వం నుంచి క్రీస్తుశకంలోకి లెక్కపెడితే ఒక సంవత్సరం ఎక్కువ వస్తుంది, ఎందుకంటే సున్నా సంవత్సరం లేదు: రోమ్ చక్రవర్తి అగస్టస్ పాలన క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 వరకు, 41 కాదు, 40 ఏళ్లు. రష్యాలో 1917 అక్టోబరు విప్లవం నవంబరు 7న జరిగిందంటే అచ్చుతప్పనుకుంటారు. అప్పటి రష్యా క్యాలెండరు మనదానికంటే 13 రోజులు వెనక ఉండేది, వాళ్ల లెక్కలో అది అక్టోబరు 25.

హోంవర్కు తేనివాళ్లని నిలబెట్టి పీరియడులో పది నిమిషాలు పోగొట్టుకోకండి. పేరు రాసుకుని, ఆధారంతో పని నడిచేటప్పుడు వెనక బెంచీలో కూర్చోబెట్టి అదే పని చేయించండి. రాని పిల్లల కోసం తలుపు పక్కన ఒక కవరు వేలాడదీసి, ఆ వారం ప్రశ్నలు, ఆధారాలు అందులో వేసి ఉంచండి. వచ్చిన రోజు ‘నిన్నేం చెప్పారు సార్?’ అని అడిగితే చూపుడువేలితో కవరు చూపిస్తే చాలు.