జూనిపర్ బోన్సాయ్ పాఠం 4: ఆకుని బట్టి రకం చెప్పడం, ఇంకోసారి

పోయిన పాఠంలో జూనిపర్ చెట్టు రకం చెప్పాలంటే సూదాకా (సూదిలా మొనదేలిన ఆకు) పొలుసాకా (రెమ్మకి పొలుసుల్లా అతుక్కుని ఉండే చిన్న ఆకు) ముందు అది చూడండి అన్నాను కదా, ఆ ఒక్క ముక్క పట్టుకుని చాలామంది సూదులు కనిపించగానే ప్రొకంబెన్స్ నానా (సూదాకులుండే జూనిపర్ రకం) అని రాసేశారు. మీరు పంపిన ఫోటోల్లో ఎక్కువ షింపాకులే (షింపాకు అన్నది ఇంకో జూనిపర్ రకం పేరు)! అందుకని ఈసారి కొత్త రకాల జోలికి పెద్దగా వెళ్ళట్లేదు, ముందు ఇది తేలాలి.

షింపాకుకి ముదిరిన ఆకు పొలుసే. కానీ గట్టిగా కత్తిరించినా, రీపాటింగ్‌లో (కుండీ మట్టి మార్చేటప్పుడు) వేళ్ళు ఎక్కువ తీసేసినా చెట్టు బెదిరిపోయి చిన్నప్పటి ఆకు, అంటే సూదాకు తోస్తుంది. నర్సరీ నుంచి తెచ్చిన రోజే కత్తెర పట్టుకుని షేప్ చేసేసి, తర్వాత సూదులొస్తే వేరే రకం అంటగట్టారని నర్సరీవాళ్ళని తిట్టుకుంటారు. రకం మారలేదండీ, చెట్టు దెబ్బ తింది, అంతే. దయచేసి ఆ సూదులన్నీ పీకేయకండి, వాటితోనే అది కోలుకుంటుంది. వదిలేస్తే పొలుసు మళ్ళీ అదే వస్తుంది.

మరి ఎక్కడ చూడాలి? ఎండ బాగా తగిలే వైపు, ఈ మధ్య కత్తెర పడని కొమ్మ చివర. కోసిన చోట పుట్టిన చిగురు, లోపల నీడలో ఉన్న ఆకు లెక్కలోకే తీసుకోవద్దు. కత్తెర పడకపోయినా సూదీ పొలుసూ కలిసే కనిపిస్తుంటే శాన్ హోసే అనే రకం అయ్యే అవకాశం ఎక్కువ. ప్రొకంబెన్స్ అయితే ముదిరినా దాదాపు అంతా సూదే.

అంతా సూదాకే అని తేలాక ఒక్క ఆకు ట్వీజర్‌తో తీసి పైవైపు లెన్స్‌లో చూడండి. గాడిలో ఒకటే తెల్ల చార, ఆకు సెంటీమీటరు దాటి పొడుగు, వేలికి గుచ్చుకుంటుంది, అది టోషో అనే జూనిపర్. తెల్ల చారలు రెండుండి, ఆకు మొదలు రెమ్మకి అంటుకుని కిందకి జారినట్టుంటే ప్రొకంబెన్స్. నేనైతే రంగు కన్నా చారనే నమ్ముతాను.

ఇటోయిగావా, కిషు రెండూ షింపాకులే. ఇటోయిగావా రెమ్మ సన్నం, ఒత్తుగా, లేత పచ్చ. కిషు కాస్త లావు, నీలం ఛాయ. ఎరువుకీ ఎండకీ రంగు మారుతుంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి లావు చూడండి. బెరడు, మొద్దు చూసి మాత్రం చెప్పకండి, పాత మొద్దుకి ఇటోయిగావా అంటు కట్టి ఆకు మార్చేయడం మామూలే.

తూజా (జూనిపర్‌లా అనిపించే వేరే చెట్టు) సంగతి చెప్పక్కర్లేదనుకుంటా, రెమ్మ విసనకర్రలా చదునుగా ఉంటే అది జూనిపరే కాదు.

ప్రాక్టీస్: మీ చెట్టుకి ఒక కొమ్మకి దారం కట్టి ఏడాది పాటు కత్తెర పెట్టకండి. నెలకోసారి దాని చివరనీ, కత్తిరించిన కొమ్మ చివరనీ పక్కపక్కన ఒకే ఫోటోలో తీసి తేదీ రాసి దాచండి. ఏడాది అయ్యాకే రకం పేరు లేబుల్ మీద రాయండి, అప్పటిదాకా పెన్సిల్‌తో ప్రశ్నార్థకం చాలు.